ఆరోగ్య, సంక్షేమ గ్రంథాలయం: డ్యూయీ మేలా, ఎన్‌ఎల్‌ఎం మేలా?

తిరుపతిలో రుయా పక్కనున్న ఎస్వీ మెడికల్ కాలేజీలాంటి చోట చదివేది వైద్యులు, విద్యార్థులు. పుస్తకాలను విషయం వారీగా సర్దడానికి డ్యూయీ నంబర్లు వేయాలా, ఎన్‌ఎల్‌ఎం నంబర్లు వేయాలా అన్న ప్రశ్న అలాంటి లైబ్రరీకి పెద్దగా ఎదురు కాదు. చిక్కల్లా, వైద్యంతో పాటు పింఛన్లు, వైకల్య చట్టాలు, వృద్ధుల సంరక్షణ, మత్తు మాన్పించడం లాంటివన్నీ ఒకే గదిలో పెట్టుకునే సంస్థలకే. అక్కడికి నర్సూ వస్తుంది, ఆశా కార్యకర్తా వస్తుంది, మంచం పట్టిన తండ్రిని చూసుకునే కొడుకూ వస్తాడు.

షుగర్ మీద నాలుగు పుస్తకాలు తీసుకుని రెండు పద్ధతుల్లోనూ నంబర్లు వేసి చూడండి, తేడా ఇట్టే తెలుస్తుంది. అన్ని విషయాలకూ అంకెలతో నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో చికిత్స 616.462కి పోతుంది. రోగులకు అందే సేవలు 362.196462కి, షుగర్ ఉన్నవాళ్ల వంటలు 641.56314కి. అంటే మూడు బీరువాల దగ్గర వెతకాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్ల ఎన్‌ఎల్‌ఎం పద్ధతిలో చికిత్స, ఆహారం రెండూ డబ్ల్యూకే 810 మొదలుకొని ఒకే వరుసలో కూర్చుంటాయి. ఈ ఒక్క విషయంలో ఎన్‌ఎల్‌ఎందే పైచేయి.

అదే పరీక్ష వృద్ధాప్య పింఛను పుస్తకానికో, దత్తత పుస్తకానికో పెట్టండి. ఎన్‌ఎల్‌ఎం వైద్యం కోసం పుట్టింది: క్యూఎస్ నుంచి క్యూజెడ్ దాకా శరీర శాస్త్రాలు, డబ్ల్యూ నుంచి డబ్ల్యూజెడ్ దాకా వైద్యం. మిగతాదంతా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల సొంత పద్ధతిలోని వర్గాల్లో చూసుకొమ్మంటుంది. సంక్షేమానికి అక్కడ హెచ్‌వీ. దాంతో ఒకే గదిలో రెండు పద్ధతులు నడపాలి. డ్యూయీలోనైతే 362 కిందే అన్నీ వరుసగా వస్తాయి: 362.1 ఆరోగ్య సేవలు, 362.2 మానసిక సమస్యలు, అందులోనే 362.29 మత్తు, 362.4 వైకల్యం, 362.6 వృద్ధులు, 362.7 పిల్లలు. సంక్షేమ పనివాళ్లు ఆ ఒక్క బీరువా ముందు నిలబడితే చాలు.

రోగాల వారీ సేవలుండే 362.19లో నంబరు కట్టడం తేలిక. రోగం నంబరులో మొదటి 61 తీసేసి, మిగిలింది తెచ్చి అతికించడమే. క్షయ 616.995 కాబట్టి క్షయ రోగుల సేవలు 362.196995. ఇబ్బంది పుస్తకానికి అంటించే నంబరు చీటీ దగ్గర వస్తుంది. ప్రభుత్వ కరపత్రాలు, పథకాల పుస్తకాలు చాలావరకు సెంటీమీటరు మందం కూడా ఉండవు, వీపు మీద ఇంత నంబరు పట్టదు. చాలామంది 362.196 దగ్గర కోసేస్తారు. అప్పుడు క్షయ, షుగర్, ఎయిడ్స్ సేవలన్నీ కలగాపులగమై, పుస్తకాలు రచయిత పేరు వరుసలో నిలబడతాయి. కోయకండి. చీటీని ముందు అట్ట ఎడమ అడుగున అంటించి, నంబరును రెండు మూడు వరుసలుగా విరిచి రాయండి. నాలుగు పేజీల కరపత్రాలకైతే అసలు అర వద్దు, విషయం వారీగా ఫైలు డబ్బాలే మేలు.

డ్యూయీలో ఇంకో మెలిక చట్టాలది. 2016 వికలాంగుల హక్కుల చట్టాన్ని నిబంధన ప్రకారం న్యాయశాస్త్రం ఉండే 340ల్లో పెట్టాలి. ఇలాంటి లైబ్రరీలో అక్కడికెవరూ వెళ్లరు. 362.4లోనే పెట్టి, ఆ నిర్ణయాన్ని ఒక రిజిస్టరులో తేదీతో రాసుకోవాలి. లేకపోతే తర్వాత వచ్చే లైబ్రేరియన్ 2017 మానసిక ఆరోగ్య చట్టాన్ని మళ్లీ 340ల్లోకి తోస్తారు.

ఖర్చుకొస్తే ఎన్‌ఎల్‌ఎం ఉచితం, ఇంటర్నెట్‌లోనే ఏటా సవరిస్తారు. డ్యూయీ 23వ కూర్పు 2011లో నాలుగు సంపుటాలుగా వచ్చింది, ఆన్‌లైన్ రూపానికి చందా కట్టాలి. చిన్న సంస్థకు ఇది బరువే, కానీ దారి ఉంది. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో, వేరే లైబ్రరీల కేటలాగు రికార్డులు తెచ్చుకునే జెడ్39.50 పద్ధతి ద్వారా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డు తెచ్చుకుంటే, దొరికిన పుస్తకానికి సాధారణంగా ఆ రికార్డులోని 082 గడిలో డ్యూయీ నంబరు ఉంటుంది, వైద్య గ్రంథమైతే 060 గడిలో ఎన్‌ఎల్‌ఎం నంబరూ కనిపిస్తుంది. తెలుగు పుస్తకాలకు మాత్రం రెండింట్లోనూ దిక్కు మనమే.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ తయారుచేసిన కోలన్ వర్గీకరణ పద్ధతి విషయాన్ని విడగొట్టి ఆలోచించడం నేర్పుతుంది, అరలకు మాత్రం వద్దు: తయారు నంబర్లు దొరకవు, విరామ చిహ్నాల వరుస కొత్త సహాయకుడికి తలనొప్పి. రంగు చీటీలు రోగుల మూలకు బాగుంటాయి. పది రంగులు దాటితే ఎవరికీ గుర్తుండవు, పైగా కిటికీ పక్క అరలో మన ఎండకు ఎరుపు, నారింజ ఒకటైపోతాయి.

పుస్తకాల్లో మూడింట రెండొంతులకు పైగా వైద్య గ్రంథాలై, వాడేది వైద్యులూ నర్సులూ అయితే ఎన్‌ఎల్‌ఎం తీసుకోండి. లేకపోతే డ్యూయీ. చిత్తూరు పల్లెల్లో పనిచేసే సంస్థ అయితే రెండో ఆలోచన అక్కర్లేదు. షుగర్ పుస్తకాలు మూడు చోట్ల పడే లోటును కేటలాగులో తీర్చుకోవచ్చు: మూడింటికీ మెష్ అనే వైద్య విషయ శీర్షికల పట్టికలోని ఒకే శీర్షిక ఇవ్వండి, అదీ ఉచితమే. దానికి తోడు తెలుగు శీర్షికలు మీరే తయారు చేసుకుని, ‘చక్కెర జబ్బు’, ‘షుగర్’ అని వెతికినా ‘మధుమేహం’ దగ్గరికి, ‘ఫిట్స్’ అన్నా ‘మూర్ఛ’ దగ్గరికి చేరేలా చూడండి.