పర్లాకిమిడి పాత ఇటుక బడి, మమ్మల్ని ముంచిన లాడ్జి

ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి వెళ్ళేవాళ్ళు రాజావారి కోట చూస్తారు, కొమ్ము బొమ్మలు కొంటారు, ఇవతల పాతపట్నం వచ్చి నీలమణి దుర్గమ్మకు దండం పెట్టుకుని ఇంటికి పోతారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్న ఒక పాత ఇటుక బడి ఉంది. దాన్ని చూడకుండా రావద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఫోన్లో ఒక రేటు చెప్పి కౌంటరు దగ్గర ఇంకోటి చెప్పే లాడ్జిల్లో దిగవద్దని కూడా.

నేను, బాబాయి, పిన్ని విశాఖ నుంచి గుణుపురం ప్యాసింజరు ఎక్కాం. ప్రయాణం హాయిగానే సాగింది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు నడిచిన దారి ఇదే. తర్వాత దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్న బండి ఆపేసి, తర్వాత పెద్ద లైను వేశారు. చిన్నప్పుడు ఆ బండి ఎక్కిన బాబాయి దారంతా కిటికీ వదల్లేదు.

లాడ్జికి ముందురోజే ఫోన్ చేశాను. మూడు మంచాల ఏసీ గది 1,400 రూపాయలన్నాడు. తీరా సామాన్లు దించాక 1,900 అన్నాడు. ఇదేమిటని అడిగితే ‘మూడో మనిషికి 500’ అట. మూడు మంచాల గదిలో మూడో మనిషి అదనం ఎలా అవుతాడో ఎంతడిగినా చెప్పలేదు. ఆధార్ జెరాక్సులకు ముప్ఫై, ఏసీ రిమోటుకు డిపాజిట్ 500. పొద్దున్న గీజరు పనిచేయలేదు, వేడినీళ్ళ బకెట్ 40 రూపాయలు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, చన్నీళ్ళు పడవు, అందుకని రెండు బకెట్లు తెప్పించాం. దుప్పటి మార్చమంటే అదే దుప్పటి తిరగేసి వేశాడు. ఖాళీ చేసేటప్పుడు రిమోటు మూత పగిలిందని డిపాజిట్లో 200 కోసుకున్నాడు. అది మాకిచ్చినప్పుడే పగిలి ఉంది, రబ్బరు బ్యాండు కట్టి ఉంది కూడా. బిల్లు అడిగితే చిత్తు కాగితం మీద మొత్తం ఒక్కటే రాసిచ్చాడు, లాడ్జి పేరు కూడా లేదు. ఒక్క రాత్రికి 2,210 రూపాయలు వదిలాయి. పిన్ని ఆ రోజు మధ్యాహ్నం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆవిడ కోపం కాస్త తగ్గించింది బజారు మలుపులో తిన్న టిఫిను. బడ అంటే మన వడే, దాంతో వేడి ఘుగుని అనే బఠాణీల కూర, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ప్లేటు ముప్ఫై రూపాయలు. పిన్ని రెండోది అడిగి మరీ వేయించుకుంది. వడ్డించినాయన మాతో తెలుగులోనూ పక్క బల్లవాళ్ళతో ఒడియాలోనూ మాట్లాడుతూనే, ఎక్కడికని అడిగి బడికి దారి చెప్పాడు. ఆటోకి అరవై.

హెడ్మాస్టరు గారు మా ఊరు, పేర్లు పుస్తకంలో రాయించుకుని, పిల్లల ఫొటోలు తీయనని మాట తీసుకుని లోపలికి పంపారు. బాబాయి ఆర్ అండ్ బీలో చేసి రిటైరయ్యాడు. గేటు దాటగానే గోడ దగ్గర ఆగిపోయి ‘ఇది మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నాటి పనిరా’ అన్నాడు. గోడ రెండడుగుల మందం. ఇటుకలు ఒక వరసలో పొడవు వైపు, పై వరసలో తల వైపు కనిపించేలా పేర్చారు. అలా పేరిస్తే ఏ అతుకూ కింది అతుకు మీద పడదు, గోడ నిలువునా చీలదు. తలుపుల మీద, కిటికీల మీద కమానులు. ఇనుము ఎక్కడా లేదు, బరువంతా కమాను ఇటుకలే రెండు పక్కలకూ దించుతాయి.

తరగతి గదిలోకి వెళ్ళాక బాబాయి పైకప్పు చూపించాడు. టేకు దూలాల మీద సన్నటి పలచ ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క బద్దలతో గట్టిపడేదాకా కొట్టేవాళ్ళట. సున్నంలో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళు. మద్రాసు మిద్దె అంటారు దీన్ని. బయట ఎండ మండిపోతున్నా గదిలో ఫ్యాను లేకుండా కూర్చోగలిగాం. ఎత్తైన కప్పు, దాని కింద గాలి గూళ్ళు, ఎండ గోడను తాకకుండా చుట్టూ వసారా. పిన్ని అక్కడే ఒక బెంచీ మీద కూర్చుని, మేం తిరిగినంతసేపూ లేవలేదు.

నాకు ఆ గదిలో గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. 1880లో ఈ ఊరి రాజావారి స్కూల్లోనే ముప్ఫై రూపాయల జీతంతో ఫస్టుఫారంలో, అంటే ఇప్పటి ఆరో తరగతిలో, చరిత్ర చెప్పడానికి చేరారు. ఈ చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు ఉండాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఆయన అంతకాలం ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ ఉత్సాహంలో కొంతైనా ఆయన పాఠం చెప్పిన ఊరిని చూడటానికి పెడితే ఎంత బాగుంటుంది!

నాకు కడుపు మండింది వెనక గోడ దగ్గర. మరమ్మతు పేరుతో కింద మూడడుగుల మేర సిమెంటు పూశారు, దాని మీద ఎర్ర ఆయిల్ పెయింటు వేశారు. సున్నపు గోడ నేల నుంచి చెమ్మ పీల్చినా గాలికి వదిలేసుకుంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ పైకి ఎగబాకి, పూత లేని చోట ఇటుక ముఖాన్ని పొరలుగా రాలుస్తోంది, తెల్లటి ఉప్పు పేరుకుపోయింది. చెయ్యి పెడితే పొడి రాలింది. ఎన్నో వానలకు చెక్కుచెదరని గోడ మరమ్మతు వల్ల పాడవుతోంది. బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వెళ్ళేవాళ్ళు బడి ఉన్న రోజే వెళ్ళండి, ఆదివారం తాళం ఉంటుంది. ముందు ఆఫీసు గదికి వెళ్ళి అడగండి. రాత్రి మాత్రం టెక్కలిలోనో పలాసలోనో ఉండి పొద్దున్నే బస్సెక్కడం మేలు. తప్పక ఆ ఊళ్ళోనే దిగాల్సి వస్తే, రేటు ఎంతో, అందులో ఎంతమందో వాట్సాప్‌లో రాయించుకోండి. డిపాజిట్ అడిగితే ఆ వస్తువుకి వాళ్ళ ముందే ఫొటో తీయండి.

వేసవి సెలవుల్లో మిగతా గోడలకు కూడా సిమెంటు పూస్తారని హెడ్మాస్టరు గారు చెప్పారు. బాబాయి అక్కడే కూర్చుని ఒక కాగితం మీద పాళ్ళు రాసిచ్చాడు: ఒక వంతు సున్నం, ఒక వంతు ఇటుక పొడి, ఒక వంతు ఇసుక, సిమెంటు అసలు వద్దు. సున్నం పని తెలిసిన టెక్కలి మేస్త్రీ నెంబరు కింద రాశాడు. హెడ్మాస్టరు గారు ఆ కాగితాన్ని మడిచి మరమ్మతుల ఫైల్లో పెట్టుకున్నారు. పని మొదలయ్యే ముందు ఆ మేస్త్రీని తీసుకుని తనే వస్తానని బాబాయి మాటిచ్చాడు.