పాత హార్డ్ డిస్క్ లోపలే ఉండాలా, బయటికి రావాలా?

కంప్యూటర్ ఆన్ చేసి, వేరే పని చూసుకుని వచ్చినా డెస్క్‌టాప్ పూర్తిగా రాలేదంటే చాలాసార్లు తప్పు ప్రాసెసర్‌ది కాదు, లోపల తిరుగుతున్న హార్డ్ డిస్క్‌ది. తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ అనే డ్రైవ్ వేస్తే ఆ బాధ తీరుతుంది, అందులో చర్చ లేదు. సాటా (డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి కలిపే మామూలు కేబుల్ పద్ధతి) ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది, హార్డ్ డిస్క్ 100-200 దగ్గర ఆగిపోతుంది. చిన్న చిన్న ఫైళ్ల దగ్గరైతే తేడా ఇంకా ఎక్కువ. ప్రతి ఫైలుకీ డిస్క్ హెడ్ జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. విండోస్ మొదలయ్యేటప్పుడు జరిగేదంతా అలాంటి పనే. ఇక తేల్చుకోవాల్సింది పాత డ్రైవ్ సంగతి.

దానికంటే ముందు ఇంకో సందేహం వస్తుంది: పాత విండోస్‌ని ఉన్నదున్నట్టు కొత్త డ్రైవ్‌లోకి క్లోన్ చేయాలా, మళ్లీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలా? క్లోన్ చేస్తే ప్రోగ్రాములు, సెట్టింగులు అన్నీ వచ్చేస్తాయి, ఏళ్లుగా పేరుకున్న చెత్తతో సహా. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం కుదరని పాత సాఫ్ట్‌వేర్ ఉంటే క్లోన్ తప్పదు. లేదంటే నా ఓటు కొత్త ఇన్‌స్టాల్‌కే. ఒక్క పూట పోతుంది, అంతే.

ఆ పూట మాత్రం పాత డ్రైవ్ కేబుల్ పీకేయండి. నేను పీకలేదు. విండోస్ కొత్త డ్రైవ్‌లోకే వెళ్లింది కానీ, దాన్ని బూట్ చేసే ఫైళ్లు పాత డ్రైవ్‌లో ఉన్న చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (ఆన్ అవ్వగానే కంప్యూటర్ ముందు వెతికే భాగం) చేరాయి. కొన్నాళ్లకు పాతది తీసేస్తే కంప్యూటర్ అసలు లేవనే లేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఇప్పుడు పాత డ్రైవ్ దగ్గరికి వద్దాం. డెస్క్‌టాప్ అయితే లోపలే ఉంచడం సుఖం. సాటా పోర్టు, పవర్ కేబుల్ ఉంటే చాలు, అదనపు ఖర్చు లేదు. వీడియోలు, ఫోటోలు, డౌన్‌లోడ్లు దానిమీద పడేయొచ్చు, వీటికి వేగం పెద్దగా అక్కర్లేదు. ఒక మెలిక ఉంది: కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్‌ఎస్‌డీని కేబుల్ లేకుండా నేరుగా బోర్డులో గుచ్చే చోటు) వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయవు. పాత డ్రైవ్ కనిపించకపోతే చచ్చిపోయిందని కంగారు పడకుండా ముందు కేబుల్‌ని వేరే పోర్టుకి మార్చి చూడండి.

ల్యాప్‌టాప్‌లో చాలాసార్లు రెండో డ్రైవ్‌కి చోటే ఉండదు. డీవీడీ డ్రైవ్ తీసి దాని స్థానంలో క్యాడీ (హార్డ్ డిస్క్ పట్టే ఫ్రేమ్) పెట్టొచ్చు కానీ, మోసుకు తిరిగే మెషీన్‌లో తిరిగే డిస్క్ అంటే నాకు నచ్చదు. కుదుపులు పడతాయి, బ్యాటరీ కూడా తింటుంది. దానికంటే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డ్రైవ్‌ని లోపల పెట్టి బయటి నుంచి తగిలించే పెట్టె) మేలు. ల్యాప్‌టాప్‌లో వచ్చే 2.5 అంగుళాల డ్రైవ్‌కి యూఎస్‌బీ కరెంటే సరిపోతుంది. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డ్రైవ్‌కి 12 వోల్టులు కావాలి కాబట్టి విడిగా అడాప్టర్ ఉన్న ఎన్‌క్లోజరే కొనాలి.

బ్యాకప్ కోసమైతే డెస్క్‌టాప్ వాళ్లకి కూడా బయట పెట్టడమే మంచిది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినా, పవర్ సప్లై కాలినా లోపలున్న రెండు డ్రైవ్‌లూ ఒకేసారి పోవచ్చు. తీసి అల్మారాలో పెట్టినది మిగులుతుంది.

ఎక్కడ పెట్టినా ముందు దాని ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము చాలు. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోతే వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేక అనుమానంలో ఉన్నవి) సున్నా ఉంటే సరే. పెండింగ్ సంఖ్య పెరుగుతూ పోతుంటే ఆ డ్రైవ్‌ని నమ్మి ఏమీ దాచకండి, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగిన వాటిని తప్ప. బాగున్న డ్రైవ్ అయినా సరే, పిల్లల ఫోటోలు దాని ఒక్కదాని మీదే ఉంటే అది బ్యాకప్ కాదు, ఉన్న ఒకే ఒక్క కాపీ.

పాతదాన్ని వెంటనే ఫార్మాట్ చేయకండి. నెల రోజులు అలాగే ఉంచండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందరూ తీసుకుంటారు. బ్రౌజర్ బుక్‌మార్కులు, కొన్ని గేముల సేవ్ ఫైళ్లు యాప్‌డేటా అనే దాగున్న ఫోల్డర్‌లో ఉంటాయి, అవి పోయాయని తెలిసేసరికి రెండు మూడు వారాలు పడుతుంది.