నాలుగేళ్ళకు పైగా అంగన్‌వాడీ వాడాక: గుడ్ల కోసం వెళ్ళాను, తూకం కోసం వెళ్తున్నాను

మా పెద్దది 2021 ఆగస్టులో పుట్టింది, చిన్నోడు 2024 మార్చిలో. కడుపుతో ఉన్నప్పుడు పేరు రాయించుకున్న రోజు నుంచి లెక్కేస్తే, విజయవాడ సింగ్‌నగర్ వైపు మా వీధి అంగన్‌వాడీకి నాలుగేళ్ళు దాటి వెళ్తున్నాను. కొత్తగా కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరడిగినా "అక్కడ ఏమిస్తారక్కా?" అనే. నేనూ అదే అడిగాను కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తా.

రెండో కాన్పప్పుడు నెలకి 25 గుడ్లు, 5 లీటర్ల పాలు, బియ్యం, కందిపప్పు, నూనె, రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరం ఇచ్చేవారు. పాల ప్యాకెట్లకి వంక పెట్టలేం. గుడ్ల మీద రంగు ముద్ర ఉంటుంది, పాత సరుకు కలపకుండా. అయినా ఎండాకాలంలో రెండు మూడు నీళ్ళలో తేలేవి. రాగిపిండి జల్లించుకోవాలి. చిక్కీ తినాల్సింది నేను, తినేసేది పెద్దది. సర్కారు మారాక పథకం పేరు మారింది, గుడ్లు అవే.

బాలామృతం, అంటే చిన్నపిల్లలకని అంగన్‌వాడీలో ఇచ్చే తీపి పిండి, దాని దగ్గర మా వీధి రెండు పార్టీలు: పిల్లలకి పెట్టేవాళ్ళు, కోళ్ళకి వేసేవాళ్ళు. మొదట్లో నేనూ రెండో పార్టీనే. నీళ్ళలో ఉడకబెడితే జిగురుగా వచ్చేది, పెద్దది ఉమ్మేసేది. ఆయమ్మే చెప్పింది, "కాస్త నెయ్యేసి వాసనొచ్చేదాకా వేయించి, వేడి పాలు చిలకరించి ఉండ కట్టమ్మా" అని. అంతే, డబ్బా దాచుకోవాల్సొచ్చింది. తీపి మాత్రం ఎక్కువే.

ఇక అసలు సంగతి. పెద్దదానికి పధ్నాలుగో నెల. చలాకీగానే ఉంది, గోడలు పట్టుకుని నడుస్తోంది. త్రాసు మీద కూర్చోబెట్టి టీచరు గారు కార్డు తీశారు. అందులో పచ్చ, పసుపు, నారింజ పట్టీలు, వాటి మీద నెలనెలా ఒక చుక్క. మూడు నెలల నుంచీ 7 కిలోల 800 దగ్గరే ఉంది. ఆవిడ చుక్కలు కలిపి గీత గీశారు. చాప పరిచినట్టు అడ్డంగా పోయింది, ఇలాగే పోతే పసుపులోకి దిగేలా.

"ఏం పెడుతున్నావమ్మాయ్?"

"అన్నీ తింటుందండీ."

"అన్నీ అంటే?"

చెప్పలేకపోయాను. పొద్దున టీలో బిస్కెట్, పదింటికి కుర్‌కురే, మధ్యాహ్నం రెండు ముద్దల చారన్నం. చేతికి టేపు చుట్టి చూపించారు: 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు, 12.5 దాకా పసుపు. మాది 12.6. "పిల్ల లావుగా ఉండక్కర్లేదు, గీత పైకి పోవాలి" అని, పట్టణ ఆరోగ్య కేంద్రానికి పంపారు. రక్తం తక్కువుందని అక్కడ సిరప్ రాశారు. టీ మానిపించాను, గుడ్డు మొదలుపెట్టాను. నాలుగో నెలకి గీత లేచింది. టీచరు గారు ఆ గీత చూపించడానికి ముందు నెల జ్వరానికి ఒక పెద్ద క్లినిక్‌లో 600 ఫీజు కట్టి చూపించాం, అక్కడ బరువు చూశారే గానీ కిందటి నెలతో పోల్చలేదు.

అంగన్‌వాడీ వాళ్ళ సమ్మె అప్పుడు మాత్రం తిట్టుకున్నాను. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు. నాకు ఆరో నెల. సచివాలయం వాళ్ళతో తాళాలు తీయించారు గానీ, ఎవరికి ఎంత ఇవ్వాలో వాళ్ళకేం తెలుసు? సమ్మె అయ్యాక టీచరు గారితో కాస్త కోపంగానే మాట్లాడాను. "జీతం 11,500 అమ్మా, ఆయమ్మకి 7,000. నువ్వయితే చేస్తావా?" అన్నారు. నేను కుట్టుపనిలో అంతకంటే ఎక్కువే తెచ్చుకుంటున్నాను. నోరెత్తలేదు.

తర్వాత 2024 సెప్టెంబరు 1, బుడమేరు వాగు వరద. సెంటరంటే అద్దె ఇంట్లో ఒక గది, అది కూడా పల్లంలో. నీళ్ళు తీశాక వెళ్తే గోడ మీద నా ఛాతీ ఎత్తున మట్టి గీత ఉంది. సరుకు కుళ్ళిపోయింది. టీచరు గారి ఇల్లూ మునిగింది, అయినా ఆవిడ డాబా మీద రిజిస్టర్లు విప్పి, ఎగిరిపోకుండా ఒక్కో పేజీ మీద రాయి పెట్టి ఆరబెడుతున్నారు. సిరా కరిగి అంతా నీలం మరకలే. చిన్నోడి బరువులు పోయాయనుకున్నా. ఫోన్లో పోషణ్ ట్రాకర్, అంటే వాళ్ళు బరువులు ఎక్కించే యాప్, తెరిచి చూపించారు, ఆరు నెలలవీ ఉన్నాయి.

ఆ యాప్‌ని మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. 2025 జులై నుంచి సరుకు ఇవ్వాలంటే మొహం చూపించాలి. నమోదైంది నా మొహం, తెచ్చేది మా అత్తయ్య. మొదటి నెల ఆవిణ్ణి ఉత్త సంచితో పంపేశారు. మర్నాడు పని మానుకుని వెళ్ళాను. ఫోను నా ముందు పట్టుకుని "కళ్ళార్పమ్మా, మళ్ళీ ఆర్పమ్మా" అంటుంటే చక్రం తిరుగుతూనే ఉంది. వెనక పన్నెండు మంది తల్లులు, చంకల్లో పిల్లలు. టీచరు గారి పొద్దంతా ఫోనుకే సరిపోతుంటే పిల్లలకి పాటలు ఎవరు చెప్తారు? ఆయమ్మే చెప్తోంది, గరిటె చేత్తో పట్టుకుని.

చదువు సంగతి అంటారా, మూడేళ్ళు నిండాక పెద్దదాన్ని ఒక ఏడాది పంపాం. అక్షరాలు పెద్దగా రాలేదు. వరసలో కూర్చోవడం వచ్చింది, ఇప్పుడు ఇంట్లో మా అందరి చెప్పులూ వరసలో పెడుతుంది. తర్వాత కాన్వెంటులో వేశాం, మా ఆయన పట్టు. కాన్పుకని కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బులు మొదటిసారి 5,000, మూడు విడతలుగా. చివరి విడతకి బ్యాంకు చుట్టూ ఆధార్ పట్టుకుని తిరగాల్సొచ్చింది. రెండోసారి ఆడపిల్లయితేనే ఇస్తారు, నాకు మగపిల్లాడు.

కొత్తగా వెళ్ళేవాళ్ళు సరుకు రోజున తూకం అడక్కండి, ఆ రోజు ఎవరికీ తీరదు. ఇంకో రోజు పదకొండు లోపు, పిల్లలకి అన్నం పెట్టక ముందు వెళ్ళండి. కార్డు మర్చిపోకుండా తీసుకెళ్ళి చుక్క మీ ఎదురుగానే పెట్టించుకోండి. చిన్నోడు పోయిన నెల 10 కిలోల 200 తూగాడు. త్రాసు మీద నిలబడకుండా గంతులేస్తుంటే ఆయమ్మ బాలామృతం ఉండ చూపించి ఆపింది.