నాన్న నాటకం క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి: బరంపురం షాపు గురించి

మాది పర్లాకిమిడి. నాన్న హార్మోనిస్టు. ఇటు మా గజపతి జిల్లా ఊళ్లలో, అటు పాతపట్నం వైపు జాతరలకు పౌరాణిక నాటకం పెడితే హార్మోనియం ఆయనదే. 1987 నుంచి నాలుగేళ్లపాటు అన్నయ్య స్టేజీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి ఆ నాటకాలు రికార్డు చేశాడు. పదమూడు క్యాసెట్లు, అన్నీ తొంభై నిమిషాలవి.

కిందటేడు వేరే ఊళ్లో ఒకరికి ఒక క్యాసెట్ ఇస్తే టేపు మెషీన్‌లో చుట్టుకుని నలిగిపోయింది. రాయబారం సీను సగం పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే బరంపురం పాత బస్టాండు దగ్గర సందులో ఉన్న ఈ షాపుకి టెన్షన్ పడుతూనే వెళ్లాను.

షాపాయన ఒడియా అతను, తెలుగు బాగా మాట్లాడతాడు. ముందు ఒక్కో క్యాసెట్ వెలుతురులో పెట్టి చూశాడు. రెండింటిలో లోపలి ప్యాడ్ ఊడిపోతే టేపును వేరే పాత క్యాసెట్ డొక్కులోకి మార్చాడు. ప్రతిదీ చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడే ప్లే చేశాడు. తొంభై నిమిషాల టేపు ఎక్కించడానికి తొంభై నిమిషాలూ పడుతుంది. పన్నెండింటికీ పద్దెనిమిది గంటలు. అంత ఓపిక ఉన్న మనిషి దొరకడం నా అదృష్టం.

మొదటి క్యాసెట్ పూర్తయ్యాక పిలిచి వినిపించాడు. గొంతు చాలా స్పష్టంగా వచ్చింది. పడక సీనులో ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ పద్యం అయింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఈలలు లేవు, వన్స్‌మోర్ కేకలు లేవు. ‘మావుసీ (పిన్నీ), గోలంతా తీసేశాను’ అన్నాడు సంతోషంగా. నాకు ఏడుపొచ్చింది.

కూర్చుని చెప్పాను. తిరుపతి వేంకట కవుల పద్యాలు మా వైపు చదువురాని వాళ్లకి కూడా నోటికి వచ్చు. కురుక్షేత్ర యుద్ధంలో ఎవరు గెలుస్తారో పిల్లలకీ తెలుసు. అయినా తెల్లవార్లూ చలిలో కూర్చునేది, ఇవాళ ఈ కృష్ణుడు ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడో వినడానికి. వన్స్‌మోర్ పడిందంటే రెండోసారి రాగం ఇంకాస్త సాగుతుంది, నాన్న వేళ్లు ఆ గొంతు వెంటే వెళ్లాలి. ‘మీరజాలగలడా’ పాటే చూడండి. సత్యభామ వేషం కట్టే స్థానం నరసింహారావు గారు స్టేజీ కోసం రాసుకున్నది. 1966 నాటి సినిమాలో సుశీల గారి గొంతుతో ఇంటింటికీ చేరింది. సినిమా పాట నాకు ప్రాణం, కానీ ఎన్నిసార్లు విన్నా అదే పాట. స్టేజీ మీద జనం అడిగి పాడించుకున్న పద్యం మొదటిసారి పాడినట్టు ఉండదు. ఆ అడగడం కూడా నాటకంలో భాగమే.

ఆయనకి వెంటనే అర్థమైంది. వాళ్ల ఊళ్లో ప్రహ్లాద నాటకం ఆడతారట. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరున ఉన్న ఒడియా నాటకం అది. గంజాం పల్లెల్లో మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద ఇప్పటికీ ఆడుతున్నారు. చిన్నప్పుడు వాళ్ల తాత భుజం మీద కూర్చుని చూశానని చెప్పాడు. అసలు రికార్డింగు చెరపలేదు కాబట్టి టేపు మళ్లీ తిప్పే పని పడలేదు. టేపు బుసబుస మాత్రం కొంచెం తగ్గించి, జనాన్ని జనంలాగే ఉంచాడు. దీనికి అదనంగా ఏమీ తీసుకోలేదు.

క్యాసెట్‌కి 250 రూపాయలు, పెన్‌డ్రైవ్ మనమే కొనుక్కోవాలి. 32 జీబీది సరిపోయింది. పెద్ద ఫైళ్లు ఒక్కోటి సుమారు 900 ఎంబీ, ఫోన్‌లో వినడానికి ఎంపీ3 వేరేగా ఇచ్చాడు. వారం అన్నది మూడు వారాలైంది. మధ్యాహ్నం ఫోన్ ఎత్తడు. ఫైళ్లకు పేర్లు లేవు, ఒకటి రెండు మూడు అని అంకెలే. ఏ సీను ఎక్కడుందో వెతుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నాలుగో క్యాసెట్‌లో వన్స్‌మోర్‌ల మధ్య ఎవరో ‘మాస్టారూ, అందుకోండి’ అంటారు. నాన్న దగ్గు వినిపిస్తుంది, తర్వాత శ్రుతి. అమ్మ ఆ ముక్క దగ్గరే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పమంటోంది.

మీ ఇంట్లోనూ నాటకం క్యాసెట్లుంటే ఇక్కడికి తీసుకెళ్లండి. జనం గొంతులు తీయొద్దని మాత్రం ఇచ్చేటప్పుడే చెప్పండి.