బ్లోయరా, రెండు ఫ్యాన్లా, ఫ్లో-త్రూనా: డెల్టా ఉక్కపోతలో ఏ గ్రాఫిక్స్ కార్డు కూలర్ మేలు?

రివ్యూలో కార్డు 68 డిగ్రీలు చూపించిందంటే అది 22 డిగ్రీల చల్లటి గదిలో మాట. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు వేడీ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. రోహిణి కార్తెలో భీమవరంలోనో అమలాపురంలోనో ఏసీ లేని గది 35 దగ్గరుంటే, అదే కార్డు 80 దాటుతుంది. పైగా దాళ్వా కోతల దుమ్ము, మిల్లుల పక్కనైతే ఊక పొడి, అంతర్వేది వైపైతే ఉప్పుగాలి. మనం కూలర్‌ని ఎంచుకోవాల్సింది వీటిని చూసి.

పాత తరంది బ్లోయర్. 2016లో ఎన్‌విడియా తన సొంత కార్డుగా తెచ్చిన జీటీఎక్స్ 1080 ఫౌండర్స్ ఎడిషన్ దీనికి మంచి ఉదాహరణ: 180 వాట్లు, అడుగున వేపర్ చాంబర్ (చిప్ వేడిని రేకులకి పరిచే బోలు లోహపు పలక), చివర ఒకే ఫ్యాను. లోపలి గాలి పీల్చి, మూత కింద వేడిని వదిలే పల్చటి లోహపు రేకుల గుండా తోసి, వేడిని క్యాబినెట్ వెనక నుంచి బయటికి పంపేస్తుంది. ఇరుకు క్యాబినెట్‌కి, ఒకే బోర్డు మీద రెండు మూడు కార్డులు పెట్టేవాళ్లకి ఇప్పటికీ ఇదే సరైనది. కానీ 83 డిగ్రీల హద్దు తగలగానే చిప్ తన వేగం తగ్గించుకుంటుంది, ఫ్యాను హోరు పక్క గదికి వినిపిస్తుంది. అసలు తంటా దుమ్ముతో. రేకులు మూత కింద ఉంటాయి కాబట్టి పైకి కార్డు శుభ్రంగానే కనిపిస్తుంది. మూత విప్పితే ఫ్యానుకి ఎదురుగా రేకుల అంచున దుమ్ము కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటుంది. మన గాలిలో తేమకి అది మెత్తగా అతుక్కుని, బయటి నుంచి గాలి కొడితే రాదు. సెకండ్ హ్యాండులో బ్లోయర్ కార్డు కొంటే మూత విప్పకుండా వాడొద్దు.

తర్వాతిది రెండు మూడు ఫ్యాన్ల తెరిచిన కూలర్. మిగతా కంపెనీలు ఎప్పట్నుంచో చేస్తున్నవే. ఎన్‌విడియా తన సొంత కార్డుకి 2018లో ఆర్‌టీఎక్స్ 2080తో రెండు ఫ్యాన్లు పెట్టింది. చప్పుడు తక్కువ, చిప్ చల్లగా ఉంటుంది, రేకులు కంటికి కనిపిస్తాయి కాబట్టి బ్రష్షుతో దులుపుకోవచ్చు. కానీ వేడిలో ఎక్కువ భాగం క్యాబినెట్ లోపలే వదులుతుంది. కంప్యూటర్ టేబుల్ అరలో, వెనక గోడకి ఆనించి పెట్టిన సిస్టంలో ఆ వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. చిన్న పరీక్ష చెయ్యండి: క్యాబినెట్ పక్క తలుపు తీసి అరగంట గేమ్ నడపండి. వేడి ఆరేడు డిగ్రీలు తగ్గిందంటే తప్పు కార్డుది కాదు, గాలి దారిది. ముందు రెండు, వెనక ఒకటి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పెట్టి, అరలోంచి బయటికి తీస్తే చాలు.

2020లో ఆర్‌టీఎక్స్ 3080తో ఫ్లో-త్రూ వచ్చింది. 320 వాట్ల కార్డు. సర్క్యూట్ బోర్డుని కురచ చేసి, తోక వైపు (మానిటర్ వైరు పెట్టే చోటికి అవతలి కొస) ఫ్యాను గాలి రేకుల గుండా అవతలికి దూసుకుపోయేలా వదిలారు. గాలికి అడ్డం లేకపోవడమే దీని బలం. 2025 ఆర్‌టీఎక్స్ 5090 ఫౌండర్స్‌లో బోర్డు మధ్యకి ముడుచుకుపోయి రెండు ఫ్యాన్లూ ఫ్లో-త్రూ అయ్యాయి; 575 వాట్లని రెండు స్లాట్ల మందంలోనే చల్లబరుస్తుంది. అయితే దాని చిప్ మీద మామూలు పేస్టు బదులు ఉన్నది లిక్విడ్ మెటల్, అంటే ద్రవంలా ఉండే లోహం. అది చిందితే బోర్డు షార్టవుతుంది, అల్యూమినియానికి తగిలితే తినేస్తుంది. ఇంట్లో విప్పే కార్డు కాదది. ఫ్లో-త్రూ కార్డుని క్యాబినెట్ అద్దానికి ఆనుకునేలా నిలువుగా బిగిస్తే ఆ గాలి దారి మూసుకుపోతుంది.

ఒక కార్డు, మామూలు క్యాబినెట్, ఏసీ లేని గది అయితే మా ఓటు తోక వైపు గాలి బయటికి పోయేలా ఖాళీ వదిలిన రెండు మూడు ఫ్యాన్ల కార్డుకే. దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే రేకుల సందుల్లోంచి వెలుగు కనిపించాలి. మసకబారిందంటే దులిపే వేళయింది. కానీ డిజైను కన్నా ముందు వాట్లు చూడండి. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 115 వాట్లే. దానికి మామూలు రెండు ఫ్యాన్ల కూలరే మన మే నెలని తట్టుకుంటుంది. 320 వాట్ల కార్డు మాత్రం కూలర్ ఎంత బాగున్నా ఆ వేడంతా గదిలోకే పోస్తుంది.

దాళ్వా కోతలు అయ్యాక ఒకసారి, సార్వా కోతలు అయ్యాక ఒకసారి శుభ్రం చెయ్యాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. జీపీయూ-జెడ్‌లో (కార్డు వేడిని చూపించే సాఫ్ట్‌వేర్) చిప్ వేడికీ హాట్‌స్పాట్‌కీ, అంటే చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటికీ, తేడా 25 డిగ్రీలు దాటితే చిప్‌కీ హీట్‌సింకుకీ (రేకులున్న లోహపు దిమ్మ) మధ్య రాసే పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. కొత్త పేస్టు వేశాక చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్క్రూల్ని ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. మెమరీ మీద వేడిని దాటించే మెత్తటి థర్మల్ ప్యాడ్ మార్చితే పాతదాని మందమే వెయ్యాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింకు చిప్‌కి ఆనదు, సిస్టం వేసిన కాసేపటికే వేడి విపరీతంగా పెరిగిపోతుంది. అలా జరిగితే పేస్టుని అనుమానించకండి, ముందు ప్యాడ్లు కొలవండి.