సరదా పోకర్: ఫోన్‌లోనా, ఇంట్లోనా?

2025లో కేంద్రం తెచ్చిన చట్టంతో పోకర్ అనే పేకాటను ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటంపై నిషేధం వచ్చింది. ఫోన్‌లో మిగిలింది ఉత్తుత్తి చిప్స్ (పందెం బిళ్లలు) ఆటే.

ఖర్చు: ఇంట్లో ఒక పేక కట్ట, కాసిని చిప్స్ చాలు. ఫోన్‌లో ఉచితమే కానీ, చిప్స్ అయిపోగానే కొనమని యాప్ వెంటపడుతుంది.

శ్రమ: ఇంట్లో నలుగురైదుగురిని పోగేయాలి. పంచడం, లెక్క చూడటం మన పనే.

ఆట: అసలు తేడా ఇక్కడే. ఉత్తుత్తి చిప్స్ పోతే ఎవరికీ బాధ లేదు, అందుకే ఫోన్‌లో ఊరికే ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం) కొట్టేస్తారు, బ్లఫ్ (మంచి ముక్కలున్నట్టు బెదిరించడం) పారదు. ఎదురుగా కూర్చుంటే, చివరి ముక్క పడగానే అవతలివాడి కళ్లు చిప్స్ మీదికి పోవడం కనిపిస్తుంది. నాకు పోకర్ అంటే అదే.

రిస్క్: ఇంట్లోనూ డబ్బు వద్దు, కేసు దాకా వెళ్లొచ్చు.

ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) పెద్దదా, స్ట్రెయిట్ (వరుస ముక్కలు ఐదు) పెద్దదా అని ఇంకా తడుముకునేవాళ్లకు ఫోన్ మేలు. అది దాటి, వారానికోసారి కలిసే స్నేహితులుంటే ఇంట్లోనే ఆడండి.