సీ3, సీ4, క్యామ్: కిరణజన్య సంయోగక్రియలో ఏ పద్ధతి మేలు?

ఆకుకు రోజూ ఒక చిక్కు. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే పత్రరంధ్రాలు తెరవాలి. తెరిస్తే నీరు ఆవిరైపోతుంది. గాలిలో ఆ వాయువు దాదాపు 0.04 శాతమే కాబట్టి, కాస్త దొరకడానికి చాలా నీరు వదులుకోవాలి. ఈ చిక్కుకు మొక్కలు మూడు దారులు వెతుక్కున్నాయి.

వరి, గోధుమ, చాలా చెట్లు సీ3 రకం. వీటిలో రుబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా పట్టుకుంటుంది. ఒక్కో అణువుకు 3 ఏటీపీల (కణంలో శక్తిని అందించే అణువులు) శక్తి సరిపోతుంది. ఈ మూడింటిలో ఇదే చవకైన పద్ధతి. కానీ రుబిస్కో ఆక్సిజన్‌ను కూడా పట్టేసుకుంటుంది. ఎండ ముదిరేకొద్దీ ఈ పొరపాటు ఎక్కువై, కూడబెట్టిన కార్బన్‌లో కొంత మళ్లీ గాలిపాలవుతుంది. దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు.

మొక్కజొన్న, చెరకు, జొన్న ఈ నష్టాన్ని తప్పించుకున్నాయి. ఆక్సిజన్ జోలికే పోని మరో ఎంజైమ్ ముందుగా కార్బన్‌ను పట్టి, నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారుస్తుంది. సీ4 అనే పేరు అందుకే. ఆ ఆమ్లం ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి చేరి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. రుబిస్కో ఉండేది అక్కడే. చుట్టూ కావలసినంత సరుకు ఉంటే అది పొరబడే అవకాశం చాలా తక్కువ. రంధ్రాలు సగం మూసినా పని నడుస్తుంది. అయితే అణువుకు మరో 2 ఏటీపీలు అదనం. చల్లటి చోట, నీడలో ఆ ఖర్చు దండగే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మూడోది, క్యామ్. అనాస, బ్రహ్మజెముడు, రణపాల రాత్రిపూట రంధ్రాలు తెరిచి, వచ్చిన కార్బన్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. పగలు తలుపులు మూసి, దాచినదాన్ని వాడుకుంటాయి. అందుకే రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుంది. బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త భారతదేశంలో ఆ ఆకు నమిలి చూసి రాసిన సంగతి 1815లోనే అచ్చయింది.

నీటి లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు కోసం సీ3 సుమారు 400 నీటి అణువులు పోగొట్టుకుంటే, సీ4 సుమారు 250, క్యామ్ 50 నుంచి 100 పోగొట్టుకుంటాయి. కానీ రాత్రి దాచుకోగలిగింది కొంచెమే కనుక క్యామ్ మొక్కలు చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి.

నా మటుకు చల్లటి చోట సీ3, మండే ఎండలో త్వరగా ఎదగాలంటే సీ4, నీరు దొరకడమే కష్టమైతే క్యామ్. వరిని సీ4గా మార్చాలని శాస్త్రవేత్తలు ఏళ్లుగా శ్రమిస్తున్నారు. ఒకటి రెండు జన్యువులు చేరిస్తే చాలదు, ఆకు లోపలి కట్టడమే మారాలి. ప్రకృతిలో మాత్రం వేర్వేరు మొక్కల కుటుంబాల్లో ఈ మార్పు విడివిడిగా 60 సార్లకు పైగా జరిగింది.